తప్పుడు నివేదిక మీద సంతకం పెట్టనంటే అది త్యాగమా, మొండితనమా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ పైఅధికారి ఒక నివేదిక ముసాయిదా ఇచ్చి సంతకం పెట్టమంటున్నారు. అందులో ఉన్నది నిజం కాదని మీకు తెలుసు, ఆయనకీ తెలుసు. అది ముందుకు కదిలితే ఏ తప్పూ చేయని ఒక కింది ఉద్యోగి బలవుతాడు. కాదంటే మీ ఉద్యోగానికే ఎసరు. "నేను పెట్టకపోతే పక్క సీట్లో మనిషి పెడతాడు. ఆ అమాయకుడికి ఎలాగూ ఒరిగేదేమీ లేదు. భార్యాపిల్లల్ని రోడ్డున పడేసి నా చేతికి మట్టి అంటలేదని చెప్పుకోవడం త్యాగమా, మొండితనమా, లేక అహంకారమా?" అని అడిగారు.

నేను సర్వీసు కేసులు చూసే లాయర్ని. పైవాళ్ల మాట కాదన్నందుకు సస్పెండైనవాళ్ల పక్కన కూర్చుని ఛార్జ్ మెమోలకు (ఉద్యోగి మీద ఆరోపణలు రాసి ఇచ్చే కాగితాలకు) జవాబులు రాయించడంలోనే నా వృత్తి జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. కాబట్టి కాగితాల సంగతి కూడా చెప్తాను, కానీ కాస్త ఆగి. మీ ప్రశ్నకు అసలు జవాబు కాగితాల్లో లేదు.

మీరు "త్యాగం చేయాలా వద్దా" అన్న దగ్గర మొదలుపెట్టారు. ఈ దారిలో పేరు నిలిచినవాళ్ల జీవితాలను దగ్గరగా చూస్తే చాలామంది అక్కడ మొదలుపెట్టలేదు. ఒక్క పని మాత్రం నా చేత్తో చేయను అన్నారు. దానికి ఎంత వెల కట్టాలన్నది ఎదుటివాళ్లు తేల్చారు. థామస్ మోర్ సంగతే చూడండి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర ఛాన్సలర్‌గా చేసిన మనిషి. రాజు తనను తానే చర్చికి అధిపతిని చేసుకుంటున్నప్పుడు ఆయన వీధిలోకి వచ్చి ఉపన్యాసం ఇవ్వలేదు. 1532లో పదవికి రాజీనామా చేసి ఇంటిపట్టున ఉన్నాడు. ప్రమాణం చేయమన్నప్పుడు చేయనన్నాడు, ఎందుకు చేయనో మాత్రం చెప్పలేదు. ఆయన లాయరు. మౌనాన్ని రాజద్రోహంగా రుజువు చేయలేరని లెక్కవేసుకున్నాడు. చట్టంలో బతికి బయటపడే సందు ఏ మూల ఉన్నా వెతికాడు. అన్నీ మూసేశాక 1535 జులై 6న తల తీశారు. ఆ మనిషి చావు కోరుకున్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అహంకారమా అన్న మీ అనుమానానికి ఇక్కడే ఒక పరీక్ష దొరుకుతుంది. రేపు పొద్దున మీ పైఅధికారి పిలిచి, "సరే, నీ సంతకం అక్కర్లేదు, ఆ నివేదికే మానేస్తున్నాం, ఈ విషయం ఇక్కడితో మర్చిపో" అన్నారనుకోండి. ఎవరికీ తెలియదు, ఎవరూ మిమ్మల్ని మెచ్చుకోరు. అప్పుడు మీకు గుండె తేలికపడుతుందా, లేక ఏదో చేజారినట్టు అనిపిస్తుందా? తేలికపడితే మీది అహంకారం కాదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చేజారినట్టు అనిపించే రకం కూడా ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది వేరు. మీ ఉత్తరం చదివితే మీరు ఆ రకం కాదనే అనిపించింది, ఎందుకంటే ఆ కింది ఉద్యోగి ఊసు అందులో మీ ఊసు కంటే ముందు వచ్చింది.

ఇక వెల గురించి. మనిషి భయంలో ఉన్నప్పుడు వెలను ఉన్నదానికంటే ఎక్కువగానో తక్కువగానో చూస్తాడు, ఉన్నంత చూడడం చాలా అరుదు. దీనికి చరిత్రలో నాకు తెలిసిన అతి భయంకరమైన ఉదాహరణ ఒకటుంది. 1942 జులై 13న, పోలండ్‌లో యూజెఫుఫ్ అనే ఊళ్లో, జర్మన్ రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101ని తెల్లవారుజామున వరసగా నిలబెట్టారు. దాదాపు ఐదు వందల మంది. కమాండర్ మేజర్ ట్రాప్ ఆ రోజు చేయాల్సిన పని చెప్పాడు: ఊళ్లోని యూదుల్లో పనికొచ్చే మగవాళ్లను వేరుచేసి మిగతావాళ్లను, ఆడవాళ్లూ ముసలివాళ్లూ పిల్లలతో సహా, కాల్చేయాలి. చెప్పి ఇంకో మాట అన్నాడు. పెద్ద వయసువాళ్లలో ఈ పని తమవల్ల కాదనుకునేవాళ్లు ఇప్పుడే పక్కకు రావచ్చు అని. ముందు ఒక్కడు అడుగు ముందుకు వేశాడు. తర్వాత పది పన్నెండు మంది. వాళ్ల తుపాకులు తీసుకుని వేరే పని అప్పగించారు. మిగతావాళ్లు సాయంత్రం దాకా కాలుస్తూనే ఉన్నారు. దాదాపు 1500 మంది చచ్చిపోయారు. పక్కకు వచ్చినవాళ్లకు పడ్డ శిక్ష? చెప్పుకోదగ్గదేమీ లేదు. తోటివాళ్ల తిట్లు, చాకిరీ డ్యూటీలు, అంతే. యుద్ధం తర్వాత జరిగిన విచారణల్లో "కాల్చకపోతే మమ్మల్ని కాల్చేసేవాళ్లు" అని ముద్దాయిలు వాదించారు. నిరాయుధులను చంపనన్నందుకు అలాంటి ఘోరమైన శిక్ష పడిన ఒక్క కేసును కూడా వాళ్ల లాయర్లు సాక్ష్యాలతో చూపించలేకపోయారు.

ఇది చదివి "చూశారా, భయపడాల్సింది లేదు" అనుకోకండి. అదే కాలంలో, అదే ప్రభుత్వం కింద, సైన్యంలోనే చేరను అన్నవాడికి మరణశిక్ష వేశారు, అమలు చేశారు. ఒకే పాలనలో రెండు నిరాకరణలకు రెండు వెలలు. నేను మీతో చెప్పేది ఒక్కటే. మీ పైఅధికారి నోటి నుంచి వచ్చిన బెదిరింపు వేరు, మీ సర్వీసు రూల్స్ ప్రకారం ఆయన నిజంగా చేయగలిగింది వేరు, చేయగలిగినదాంట్లో తెగించి చేసేది వేరు. ఈ మూడింటినీ విడివిడిగా కాగితం మీద రాసుకోండి. "ఉద్యోగం పీకేస్తాను" అన్నంత మాత్రాన ఉద్యోగం పోదు. కానీ బదిలీ నిజమే, ఇంక్రిమెంట్ ఆగడం నిజమే, ప్రమోషన్ జాబితాలో పేరు లేకపోవడం నిజమే, పక్క సీటువాళ్లు భోజనానికి పిలవడం మానేయడం కూడా నిజమే. నేను చూసినంతలో మనిషిని చివరిదే ఎక్కువగా కుంగదీస్తుంది. మొదటి వారం అందరూ భుజం తడతారు. కొన్ని నెలలు గడిచి, విచారణ వాయిదాల మీద వాయిదాలు పడుతున్నప్పుడు, నిన్నటిదాకా తట్టిన చేతులే ఫోన్ ఎత్తవు. అసలు పరీక్ష అప్పుడు.

"నేను కాకపోతే ఇంకొకరు పెడతారు" అన్నది మీ రెండో మాట. ఈ వాదన వినడానికి బలంగా ఉంటుంది. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను.

ఏథెన్స్‌లో క్రీస్తుపూర్వం 404లో ముప్పై మంది నిరంకుశులు అధికారం చేజిక్కించుకున్నారు. వాళ్లు సోక్రటీస్‌నూ మరో నలుగురినీ పిలిపించి, సలామిస్ ద్వీపానికి వెళ్లి లియోన్ అనే ఆయన్ని పట్టుకురమ్మన్నారు. తెస్తే చంపేస్తారని అందరికీ తెలుసు. వీలైనంత ఎక్కువమంది చేతులకు ఆ రక్తం పూయాలన్నదే వాళ్ల ఎత్తుగడ అని సోక్రటీస్ తర్వాత కోర్టులో చెప్పుకున్నాడు. మిగతా నలుగురూ సలామిస్ వెళ్లారు. సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు. లియోన్‌ను తెచ్చారు, చంపారు. ఆ ప్రభుత్వం త్వరగా కూలిపోయింది కాబట్టి అప్పటికి సోక్రటీస్ ప్రాణం దక్కింది.

సరిగ్గా మీరు అడిగిన పరిస్థితే. ఒకడు కాదన్నాడు, నలుగురు ఔనన్నారు, అమాయకుడు చచ్చాడు. మరి సోక్రటీస్ ఇంటికి వెళ్లడం వల్ల ఏమైంది? నా జవాబు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి, లియోన్‌ను చంపినవాళ్ల లెక్కలో ఒకడు తగ్గాడు. అది చిన్న విషయం కాదు. తప్పులో భాగం పంచి అందరి నోళ్లూ మూయించడమే అలాంటి పాలన పని చేసే తీరు. మీ పైఅధికారి ఆ నివేదిక మీద తన ఒక్కడి సంతకంతో ఎందుకు సరిపెట్టుకోవడం లేదు? రేపు ఏదైనా తేడా వస్తే కింద నుంచి వచ్చిన కాగితం మీద ఆధారపడ్డానని చెప్పుకోవడానికి. మీ సంతకం ఆయనకు గొడుగు. అది లేకపోతే ఆయన ఇంకో గొడుగు వెతుక్కోవచ్చు, నిజమే. కానీ వెతుక్కోవాల్సి వస్తుంది, ఎవరినో అడగాల్సి వస్తుంది, ఆ అడిగించుకున్న మనిషికి "ముందు ఆయన్ని అడిగారట, ఆయన పెట్టలేదట" అన్న సంగతి తెలుస్తుంది.

ఆ తెలియడం ఎంత పని చేస్తుందో 1961లో యేల్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో కనిపిస్తుంది. పక్క గదిలోని మనిషికి కరెంటు షాకులు పెంచుకుంటూ వెళ్లమని ప్రయోగం నడిపేవాడు చెప్తాడు. షాకులు నిజమైనవి కావు, కానీ మీట నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ప్రసిద్ధి చెందిన ఒక విడతలో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా వెళ్లారు. ఈ లెక్క అందరూ చెప్తారు, మనిషి ఎంత లొంగిపోతాడో అని నిట్టూరుస్తారు. అదే ప్రయోగంలో ఇంకో విడత ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అందులో పక్కనే కూర్చున్న ఇద్దరు తోటివాళ్లు మధ్యలో "మేం చేయం" అని లేచిపోతారు. అప్పుడు 40 మందిలో నలుగురే చివరి దాకా వెళ్లారు. ఆదేశం అదే, గది అదే. ఇద్దరు లేచారు. ఆ ప్రయోగాల పద్ధతి మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే. అయినా ఈ ఒక్క విషయం నేను కేసుల్లో మళ్లీ మళ్లీ చూశాను. పక్క సీటు మనిషి పెట్టేస్తాడని మీరనుకుంటున్నారు. ఆ మనిషీ మీ గురించి అదే అనుకుంటూ ఉండొచ్చు.

సోక్రటీస్ విషయంలో రెండో ముక్క నాకే మింగుడుపడనిది. ఆయన లియోన్‌కు కబురు పంపించాడని గానీ, తప్పించే ప్రయత్నం చేశాడని గానీ ఎక్కడా లేదు. ఇంటికి వెళ్లాడు. అన్యాయంలో చేయి పెట్టకపోవడం ఒక బాధ్యత. అన్యాయానికి గురవుతున్నవాడిని ఆదుకోవడం ఇంకో బాధ్యత. మొదటిది చేసేసి రెండోది చేసేసినట్టు అనుకోకూడదు. మీ మనసులో గుచ్చుకుంటున్నది బహుశా ఇదే. "నా చేతులు శుభ్రం" అన్న మాట మీకే ఎబ్బెట్టుగా అనిపిస్తోందంటే, అది మీలోని మంచితనమే.

అమెరికన్ సైన్యంలో హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ మాత్రం అలా ఇంటికి వెళ్లలేదు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో అమెరికన్ సైనికులు ఊరివాళ్లను కాల్చి చంపుతున్నప్పుడు పైనుంచి హెలికాప్టర్‌లో చూశాడు. వయసు పాతిక కూడా లేదు. సైనికులకూ, పారిపోతున్న ఊరివాళ్లకూ మధ్య హెలికాప్టర్ దించాడు. మనవాళ్లు వీళ్ల మీద కాల్పులు మొదలుపెడితే మనవాళ్ల మీదే కాల్చండి అని తన ఇద్దరు సిబ్బందికి చెప్పాడు. కొందరిని బయటికి తరలించాడు, ఒక పిల్లవాడిని శవాల గుంటలోంచి తీశారు, తర్వాత వెళ్లి పైవాళ్లకు రిపోర్ట్ చేశాడు. ఏళ్ల తరబడి ద్రోహి అనిపించుకున్నాడు. చంపేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. సైన్యం ఆయనకు ఆ పనికి తగ్గ పతకం ఇచ్చింది 1998లో, ముప్పై ఏళ్ల తర్వాత. ఆయన తన హోదా, తన యంత్రం, తన రేడియో, ఆ నిమిషానికి చేతిలో ఏముంటే అది వాడాడు. మీ చేతిలో హెలికాప్టర్ లేదు. కానీ ఆ కింది ఉద్యోగి మీద రేపు విచారణ జరిగితే, అసలు సంగతి తెలిసిన సాక్షి మీరే. సంతకం పెట్టాక ఆ సాక్ష్యానికి విలువ ఉండదు. "అప్పుడు సంతకం పెట్టి ఇప్పుడు మాట మారుస్తున్నారేం?" అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న వస్తుంది. నేనైతే అదే అడుగుతాను.

"ఏం ఒరుగుతుంది" అన్నదానికి మన న్యాయవ్యవస్థలోనే ఒక ఉదాహరణ ఉంది, లాయర్‌గా అది నాకు చాలా దగ్గరది. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్లు హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్) వేసుకోవచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు వచ్చింది. అప్పటికే తొమ్మిది హైకోర్టులు వేసుకోవచ్చని తేల్చాయి. ఐదుగురు జడ్జీల ధర్మాసనం. వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేని ఒక మాట అడిగారు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగం ఇరవై ఒకటో అధికరణంలో ప్రాణం కూడా ఉంది కదా, ఒక పోలీసు అధికారి సొంత కక్షతో ఒక మనిషిని చంపేస్తే, అప్పుడూ కోర్టులో దిక్కు లేదంటారా అని. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే జవాబు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న తీర్పు. నలుగురు ప్రభుత్వం వైపు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు రాసుకున్నప్పుడే, ఇది నాకు ప్రధాన న్యాయమూర్తి పదవిని పోగొడుతుందని ఆయన తన సోదరితో చెప్పారు. పోగొట్టింది. 1977 జనవరిలో ఆయనను దాటేసి జూనియర్ అయిన జస్టిస్ ఎం.హెచ్. బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు.

ఆ రోజు జైల్లో ఉన్న ఒక్క మనిషి కూడా ఆయన తీర్పు వల్ల బయటికి రాలేదు. "ఒరిగిందేమిటి" అని ఆ సాయంత్రం అడిగితే "ఏమీ లేదు" అన్నదే నిజమైన జవాబు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలో కూడా ఇరవై ఒకటో అధికరణం అమలును ఆపకూడదని రాసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత హక్కు కేసులో ఆ పాత మెజారిటీ తీర్పును కొట్టేసింది. అలా కొట్టేస్తూ రాసిన జస్టిస్ డి.వై. చంద్రచూడ్, 1976లో మెజారిటీలో ఉన్న జస్టిస్ వై.వి. చంద్రచూడ్ కుమారుడు. నలభై ఒక్క ఏళ్లు పట్టింది. ఖన్నా అప్పటికి లేరు. ఫలితం చూసి నిర్ణయం తీసుకోవాలనుకునే మనిషికి ఈ కథ ఏ భరోసా ఇవ్వదు, నేనూ ఇవ్వలేను. ఆయన తన పని తాను చేశారు. ఆయన పని తీర్పు రాయడం. చట్టం ఏం చెప్తోందని తాను నమ్మారో అది రాశారు. మీ పని చూసింది చూసినట్టు నివేదికలో రాయడం. అంతవరకే మీది.

ఇక ఇల్లు. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే, ఎందుకంటే త్యాగం గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని దాటేస్తారు.

ఆస్ట్రియాలో సాంక్ట్ రాడెగుండ్ అనే చిన్న ఊళ్లో ఫ్రాంజ్ యేగర్‌స్టేటర్ అనే రైతు ఉండేవాడు. భార్య ఫ్రాంజిస్కా, ముగ్గురు చిన్న ఆడపిల్లలు. 1938లో ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసి జరిపిన ఓటింగ్‌లో ఆ ఊళ్లో కాదని ఓటేసింది ఆయన ఒక్కడే. హిట్లర్ కోసం తుపాకీ పట్టడం తన విశ్వాసానికి విరుద్ధమని నిశ్చయించుకున్నాడు. ఊరి పెద్దలు, బంధువులు, పాదరీలు అందరూ వద్దన్నారు. లింజ్ బిషప్ దగ్గరికి వెళ్తే, పాలకుల నిర్ణయాలకు నువ్వు బాధ్యుడివి కాదు, నీ బాధ్యత నీ కుటుంబం అని చెప్పి పంపారు. 1943 మార్చి మొదట్లో ఎన్స్ బ్యారక్స్‌కు వెళ్లి తుపాకీ పట్టనని చెప్పాడు. వైద్య సిబ్బందిలో పనిచేస్తానన్నాడు. అంటే ఆయన కూడా చావును వెతుక్కోలేదు, బతికే దారి తానే చూపించాడు. కోర్టు ఒప్పుకోలేదు. జులై 6న మరణశిక్ష వేశారు, ఆగస్టు 9న బ్రాండెన్‌బుర్గ్‌లో తల నరికారు. వయసు 36.

ఫ్రాంజిస్కా మొదట ఆయన మనసు మార్చాలని చూసింది. అందరూ కలిసి ఆయనతో వాదించడం చూశాక ఆయన వైపు నిలబడింది. నేను కూడా నిలబడకపోతే ఆయనకు ఎవరూ లేరు అన్నది ఆమె ఆలోచన. ఆ తర్వాత కథే మీరు వినాలి. యుద్ధం అయిపోయాక కూడా ఊరు ఆమెను క్షమించలేదు. మొగుణ్ని ఆమే చెడగొట్టిందన్నారు. యుద్ధంలో చచ్చిపోయిన మిగతా ఇళ్ల ఆడవాళ్లకు వచ్చే పింఛను ఆమెకు 1950 దాకా రాలేదు. పొలం పని చేసుకుంటూ ముగ్గురు పిల్లల్ని పెంచింది. చర్చి ఆయనను ధన్యుడిగా ప్రకటించిన 2007 నాటికి ఆమె బతికే ఉంది. తొంభై నాలుగేళ్లు. ఆయన చెల్లించిన వెల ఒక ఉదయంతో అయిపోయింది. ఆమె దశాబ్దాల పాటు చెల్లిస్తూ వచ్చింది.

అందుకే అంటున్నాను, మీ ఇంట్లో ఈ విషయం చెప్పకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి. "వాళ్లకెందుకు టెన్షన్" అని దాచిపెట్టి, సస్పెన్షన్ ఆర్డర్ ఇంటికొచ్చిన రోజు చెప్పినవాళ్లను చూశాను. అలాంటి ఇళ్లలో గొడవ డబ్బు గురించి మొదలవదు. "నాకెందుకు చెప్పలేదు" దగ్గర మొదలవుతుంది. 1940లో లిథువేనియాలోని కౌనస్‌లో జపాన్ కాన్సులేట్ నడుపుతున్న చియునే సుగిహారా, పైనుంచి వద్దన్నా యూదు శరణార్థులకు రెండు వేలకు పైగా వీసాలు రాసిచ్చాడు. ఆ పని మొదలుపెట్టే ముందు భార్య యుకికోతో కూర్చుని మాట్లాడుకున్నాడు. 1947లో విదేశాంగ శాఖ ఉద్యోగం పోయి, చిన్నాచితకా పనులు చేసుకోవాల్సి వచ్చినప్పుడు ఆ కష్టం ఇద్దరూ తెలిసి తలకెత్తుకున్నది. ఇంట్లో అడగడమంటే అనుమతి కోసం కాదు. మీ చేయి ఏం చేయాలో మీరే నిర్ణయించుకోవాలి. కానీ వెల వాళ్లు కూడా కడతారు కాబట్టి బిల్లు వాళ్లకు ముందే చూపించాలి. ఇంటి అద్దె, అప్పుల వాయిదాలు, పిల్లల ఫీజులు, సస్పెన్షన్‌లో వచ్చే సగం జీతం, ఎన్ని నెలలు లాగగలం అన్నది కలిసి లెక్కవేసుకోండి. కొన్నిసార్లు ఆ లెక్క చూశాక భయం తగ్గుతుంది. కొన్నిసార్లు, నిజం చెప్పాలంటే, పెరుగుతుంది.

ఇప్పుడు కాగితాల సంగతి.

నోటితో గొడవ పడకండి. "మీరు చేసేది దొంగపని" అని గది తలుపు తీసి అరిస్తే, మీ నిరాకరణ కేసు కాస్తా దురుసు ప్రవర్తన కేసుగా మారుతుంది. మూడు వాక్యాల నోట్ రాయండి, ఇలాగ: "ఫలానా తేదీన ఫలానా నివేదిక ముసాయిదాను నా సంతకం కోసం ఇచ్చారు. అందులోని ఫలానా పేరా నేను స్వయంగా పరిశీలించి నమోదు చేసిన వివరాలతో సరిపోవడం లేదు. కాబట్టి ఈ రూపంలో సంతకం చేయలేకపోతున్నానని తెలియజేస్తూ, నా పరిశీలనతో కూడిన నివేదికను జతపరుస్తున్నాను." ఇంతే. నిజాయితీ, మనస్సాక్షి, న్యాయం లాంటి మాటలు అందులో వద్దు. ఎవరి ఉద్దేశాల మీదా వ్యాఖ్య వద్దు. నోట్ ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. మీరు కాదంటున్నది ఆ ఒక్క సంతకాన్నే అని ఆ కాగితం చూసిన ఎవరికైనా తెలియాలి.

ఆ రోజు నుంచి మిగతా పనుల్లో వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకండి. సంతకం దగ్గర దొరకనివాడిని సెలవు చీటీ దగ్గర పట్టుకుంటారు. ఆలస్యంగా రావడం, ప్రయాణ బిల్లులో తేడా, పెండింగ్ ఫైలు, ఏదైనా సరే పాతవి తవ్వుతారు. ఆఫీసు కాగితాలు ఇంటికి పట్టుకెళ్లకండి, అదే ఒక ఛార్జ్ అవుతుంది. ఎవరు ఏ రోజు ఏమన్నారో మీ సొంత నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. పైకి రహస్యంగా ఫిర్యాదు పంపితే పేరు బయటికి రాదన్న నమ్మకం పెట్టుకోకండి. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాల గురించి సత్యేంద్ర దూబే అనే ఇంజనీర్ తన పేరు గోప్యంగా ఉంచమని కోరుతూనే ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఆయన పేరుతోనే ఫైళ్లలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన హత్య జరిగింది. సీబీఐ దాన్ని దోపిడీ కోసం జరిగిన హత్యగా తేల్చింది. ఆ విషయంలో ఎవరి అభిప్రాయం ఏదైనా, పేరు దాచమన్న మనిషి పేరు దాచలేదన్నది మాత్రం కాదనలేని సంగతి.

అన్నింటికంటే ముందు రెండో మనిషిని వెతకండి. 1942లో నార్వేలో నాజీల తొత్తు ప్రభుత్వం టీచర్లందరినీ తన సంఘంలో చేరమని ఆదేశించినప్పుడు, వేలమంది టీచర్లు ఒకే రకమైన రెండు మూడు వాక్యాలను ఎవరికి వారు రాసి, సొంత పేరుతో సంతకం చేసి పంపారు. వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు, కొన్ని వందలమందిని దేశం ఉత్తరపు కొసన ఉన్న కిర్కెనెస్‌కు చాకిరీకి పంపారు. అయినా ఆ సంఘం అనుకున్నట్టు నడవలేదు, అదే ఏడాది వాళ్లను ఇళ్లకు పంపక తప్పలేదు. మీకు వేలమంది అక్కర్లేదు. ఆ పక్క సీటు మనిషి ఉన్నాడు కదా, మీరు పెట్టకపోతే పెట్టేస్తాడని మీరు అనుకుంటున్న ఆయన. మీ నోట్ ఇచ్చే ముందు ఆయనతో ఒకసారి విడిగా మాట్లాడండి. ఒప్పించాలని చూడకండి, మీరు ఏం చేయబోతున్నారో చెప్పండి చాలు. ఆయన కాదంటే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, ఎందుకంటే మీ నోట్ ఎలాగూ రేపు అందరికీ తెలుస్తుంది.

ఆ తర్వాత ఆ కింది ఉద్యోగి దగ్గరికి వెళ్లండి. ఆయన మీద ఏం రాయబోతున్నారో ఆయనకు ఈపాటికి తెలిసి ఉండకపోవచ్చు. షోకాజ్ నోటీసు వస్తే గడువులోగా జవాబు ఇవ్వాలని, విచారణ పెడితే తన తరఫు సాక్షిగా మీ పేరు రాతపూర్వకంగా ఇమ్మని, మీరు వచ్చి చూసింది చూసినట్టు చెప్తారని ఆయనతో అనండి. మీ సర్వీసు రూల్స్ తెలిసిన లాయర్‌నో, యూనియన్‌వాళ్లనో ఇద్దరూ కలిసే కలవండి. నియామక పత్రం, ఆ ముసాయిదా మీకు ఎప్పుడు ఎలా అందిందో రాసుకున్న వివరాలు, మీ నోట్ కాపీ వెంట తీసుకెళ్లండి.